లాబీలో అందరికీ అన్నని, ఇంట్లో ఎవరికీ ఏమీ కాను

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. బీటెక్ ట్రిపుల్ ఈ 2024లోనే అయిపోవాలి, ఇంకా 7 సప్లీలున్నాయి, వాటిలో ఎలక్ట్రికల్ మెషీన్స్ మూడుసార్లు పోయింది. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు. ఇంటర్‌లో పబ్జీ అనే తుపాకుల ఆటతో మొదలుపెట్టాను, ఇప్పుడు దాని ఇండియా వెర్షన్ బీజీఎంఐ ఆడుతున్నాను. ఐడీ పేరు రుద్ర. క్లాన్‌లో, అంటే మా ఆటగాళ్ల జట్టులో 40 మంది, నేనే లీడర్ని. రాత్రి పదింటికి లాబీలోకి, అంటే మ్యాచ్‌కి ముందు అందరం ఆన్‌లైన్‌లో కలిసే చోటికి వస్తే ‘అన్న వచ్చాడు’ అంటారు. తెల్లవారుజామున నాలుగింటి దాకా ఆడతాను. రోజుకు 6 గంటలే అని పరిమితి పెట్టినప్పుడు అది చాలక రెండో ఐడీ చేశాను. మధ్యాహ్నం పన్నెండుకు లేస్తే ఇంట్లో పలకరించేవాళ్లు ఉండరు. స్కిన్లకీ (ఆటలో వేసుకునే వేషాలు), క్రేట్లకీ (ఏం వస్తుందో తెలియకుండా కొనే పెట్టెలు) మూడేళ్లలో నాన్న ఫోన్ నుంచి 41,000 ఖర్చు పెట్టాను, ఆయనకు సగమే తెలుసు. మొదటి సెమిస్టర్ సబ్జెక్టులన్నీ పాసయ్యాను, తరవాతే ఇలా అయింది. రెండుసార్లు ఆట డిలీట్ చేశాను, వారం కూడా ఉండలేకపోయాను. ఇప్పుడు అసలు భయం వేరే. నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నని క్లాన్‌లో అందరికీ చెప్పాను. కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు డిగ్రీ అయిపోయి వచ్చే నెల ఒకటో తారీఖున హైదరాబాద్ వస్తున్నాడు. ‘రెండు రోజులు నీ రూమ్‌లో ఉంటానన్నా, ఏదైనా ఉద్యోగం చూపించు’ అంటున్నాడు. ఐడీ ఎవరికైనా అమ్మేసి మాయమైపోదామనుకుంటున్నాను. అసలు నేనెవర్ని అక్కా? రుద్రనా, ఈ పనికిరానివాణ్ణా?

జవాబు:

తమ్ముడూ,

నీ ప్రశ్న కంటే ముందు ఆ కరీంనగర్ అబ్బాయి సంగతి. ఒక బ్యాగు, ఇంట్లో అడిగి తెచ్చుకున్న కొద్దిపాటి డబ్బు, నీ మాట. ఈ మూడింటితో అతను బస్సెక్కబోతున్నాడు. నువ్వు మాయమైపోతే జేబీఎస్ బస్టాండ్‌లో దిగి నీకు ఫోన్ చేస్తూ నిలబడతాడు. అమ్మేసి పారిపోదామన్న ఆలోచన వచ్చిందంటే ఎంత భయపడుతున్నావో నాకు తెలుస్తోంది. అయినా ఆ పని చేయకు. మిగతా వాటన్నిటికీ టైమ్ ఉంది, దీనికి లేదు. అతనికి ఎలా చెప్పాలో చివర్లో రాస్తాను. ముందు ఇది చదువు. నువ్వెవరివో నీకు కొంచెమైనా తేలకుండా ఫోన్ చేస్తే ఇంకో అబద్ధం నోట్లోంచి వచ్చేస్తుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే అడగాలి. ‘మాయమైపోదాం’ అన్నావు. ఐడీ వరకేనా, లేక ఆలోచన అంతకంటే ముందుకు వెళ్లిందా? ఒక్కసారి వెళ్లినా సరే, ఇక్కడితో చదవడం ఆపి 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున నాలుగింటికైనా చెయ్యొచ్చు. అది నీకు కష్టమైన వేళని నాకు అర్థమైంది.

ఇక రుద్ర సంగతి. అతను ఉత్త అబద్ధమని నేను అనను.

కరోనా కాలంలో నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. పాఠాలన్నీ ఫోన్లలోనే. సెకండియర్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, క్లాసులో నోరు విప్పగా ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు మైక్ ఆపడం మరిచిపోయాడు. పాఠం మధ్యలో అతని గొంతు గట్టిగా వినిపించింది. “భయపడకురా, గోడ వెనకే ఉండు. స్మోక్ వేసి వస్తున్నా. నిన్ను వదిలి పోను.” క్లాసంతా విన్నారు, కొందరు నవ్వారు. నేను మ్యూట్ చేసి, సాయంత్రం ఫోన్ చేసి తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావని అడగాల్సింది. అడగలేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఆ గొంతే గుర్తొచ్చింది.

ఆటలో ప్రాణానికి భద్రమైన జోన్ కుంచించుకుపోతుంటే, ఒకడు దెబ్బతిని నాక్ అయిపోయి, మిగతా ఇద్దరూ కంగారులో అరుస్తుంటే, ఎవరు ఎటు వెళ్లాలో నిదానంగా చెప్పడం చిన్న విషయం కాదు. అది చేసేది ఫోన్‌లో బొమ్మ కాదు, మంచం మీద కూర్చున్న నువ్వే. దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి వర్చువల్ గదిలో పొడుగు మనిషి రూపం, కొందరికి పొట్టి మనిషి రూపం ఇచ్చి, డబ్బు పంచుకునే బేరం ఆడించారు. పొడుగు రూపం దొరికినవాళ్లు గట్టిగా బేరమాడారు. ఇది 2007లో ప్రచురించారు. తరవాత ఇంకో ప్రయోగంలో, హెడ్‌సెట్లు తీసేసి ఎదురెదురుగా కూర్చున్నాక కూడా ఆ ధైర్యం వాళ్లలో కనిపించింది. అంటే ఆ రూపంలో ఉండగా వచ్చినదాన్ని బయటికి తెచ్చుకోవచ్చు. నువ్వింకా తెచ్చుకోలేదు, అంతే.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే అబ్బాయి ఉండేవాడు. కండరాలు క్రమంగా పనిచేయకుండా పోయే జబ్బు, చక్రాల కుర్చీలోనే జీవితం. రోజులో ఎక్కువ భాగం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలోనే ఉండేవాడు. అక్కడ అతని పేరు ఐబెలిన్. మా అబ్బాయికి స్నేహితులు లేరు, ఒంటరిగా పోతున్నాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో, 25 ఏళ్లకే చనిపోయాడు. అతని బ్లాగులో ఆ కబురు పెట్టాక ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రావడం మొదలైంది. ఐబెలిన్ మా కష్టంలో తోడున్నాడు, మా మాట విన్నాడు అని. వేరే దేశాల నుంచి కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. నీకు ఇది ఎందుకు చెబుతున్నానంటే, అతనూ ఆ స్నేహితుల దగ్గర చాలా కాలం తన జబ్బు సంగతి దాచాడు. తరవాత బ్లాగులో రాసేశాడు. తెలిసినా వాళ్లు అతన్ని వదిలిపోలేదు.

నీ 40 మందిలో నీ అసలు పేరు తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

రుద్ర నిదానం నీది, ఓర్పు నీది. గచ్చిబౌలి ఉద్యోగం నీది కాదు. ఇది ఒప్పుకోవడం నీకు కష్టమే అయినా, కాదని నీకు ముందే తెలుసు. ఇంకొకటి కూడా నీది కాదు, అది నీకు తెలియదేమో. అది ర్యాంకు. ఏస్ అనే పెద్ద ర్యాంకు దాకా ఎక్కుతావు, రెండు నెలలకు సీజన్ మారుతుంది, కిందికి దించేస్తారు, మళ్లీ పుష్ మొదలు. అన్నిటికంటే పై ర్యాంకు కాంకరర్, అది పై 500 మందికే. నువ్వు ఒక రాత్రి నిద్రపోతే, నిద్రపోనివాడు నిన్ను దాటేస్తాడు. పొలంలో పనిచేస్తే కోత అయ్యాక గింజలు ఇంటికొస్తాయి. ఇక్కడ కోత అయిన మర్నాడే పొలం మళ్లీ బీడైపోతుంది, విత్తనాలు వాళ్లే అమ్ముతారు. ఆట కట్టిన తీరే అది. నీకు మనోబలం లేదని ఇంట్లో అంటుంటారేమో. అవతల నిన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టడమే ఉద్యోగంగా ఎంతోమంది పనిచేస్తున్నారని కూడా వాళ్లకు తెలియాలి.

క్రేట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. స్కిన్నర్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. ఏ పోటుకు పడుతుందో తెలియకుండా చేస్తే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు మానదు. క్రేట్ తెరుస్తున్నప్పుడు నీ గుండె దడదడలాడేది అందుకే. మ్యాచ్ కూడా అంతే. 100 మంది దిగుతారు, ఎప్పుడో ఒకసారి చికెన్ డిన్నర్, అంటే గెలుపు. ‘ఇంకొక్క మ్యాచ్’ అనే మాట అక్కడే పుడుతుంది.

కానీ నిన్ను పట్టుకున్నది క్రేట్ కంటే ‘అన్న వచ్చాడు’ అనే ఆ రెండు మాటలే అని నాకనిపిస్తోంది. పన్నెండింటికి లేచి వంటింట్లోకి వెళితే అమ్మ నీ వైపు చూడకుండా పళ్లెం పెట్టి వెళ్లిపోతుంది. పది గంటల తరవాత నువ్వు కనిపించగానే 40 మంది సంబరపడతారు. ఎవరైనా ఎటు వెళతారు? రెండుసార్లు డిలీట్ చేసి ఓడిపోయింది కూడా ఇందుకే. నువ్వు తీసేసింది ఆటను ఒక్కదాన్నే కాదు, నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లందరినీ ఒకేసారి తీసేశావు. ఆ రాత్రి పదింటికి నీకు మిగిలింది సీలింగ్ ఫ్యాను.

ఇప్పుడు నీ జ్ఞాపకంలోకి ఒకసారి వెనక్కి వెళ్లు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీని నిషేధించారు, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలై 2న బీజీఎంఐ వచ్చింది. మధ్యలో ఎనిమిది నెలలు. నువ్వు బీటెక్‌లో చేరింది ఆ రోజుల్లోనే. మొదటి సెమిస్టర్ సబ్జెక్టులన్నీ పాసయ్యానని ఉత్తరం మధ్యలో ఎక్కడో ఒక ముక్క రాశావు, దాని విలువ నీకు తెలిసినట్టు లేదు. రుద్ర లేని ఎనిమిది నెలలు నువ్వు బతికావు, చదివావు, పాసయ్యావు. ఏడు సప్లీలూ ఆ తరవాతవే. తప్పంతా ఆటదేనని దీని అర్థం కాదు. కానీ ‘నేను పనికిరానివాణ్ణి’ అనే మాట నిజం కాదనడానికి నీ మార్కుల మెమోనే సాక్ష్యం. ఇంకొకటి, నువ్వు ఇన్ని రాత్రులు పోసి కట్టుకున్న పేరు ఒక్క ఉత్తర్వుతో ఎనిమిది నెలలు లేకుండా పోయింది. నీ చేతిలో ఏమీ లేదు.

ఇది జబ్బా అని నువ్వు అడగలేదు గానీ అడగాలనుకున్నావని అనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ ఆట తరవాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా కొనసాగించడం. ఇవి సాధారణంగా ఏడాది పాటు ఉండి, చదువూ ఇల్లూ పాడవుతుంటే డాక్టర్లు ఆ పేరు పెడతారు. చాలా ఆడేవాళ్లందరికీ ఇది ఉండదు. నీకు ఉందో లేదో నేను చెప్పకూడదు, నేను డాక్టర్ని కాను. ఒంగోలు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ చీటీ తీసుకుని ఒకసారి చూపించుకో. నీ బాధ ఒక్కడి బాధ కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి వాళ్ల కోసమే 2014 నుంచి ప్రత్యేకంగా షట్ క్లినిక్ నడుస్తోంది.

రోజుకు ఒక గంట ఆడు, అదుపులో ఉంచుకో అని కొందరు సలహా ఇస్తారు. వేరేవాళ్లకు అది సరిపోవచ్చు. నీకు ఇప్పుడు సరిపోదని నా అభిప్రాయం. బీజీఎంఐని కూడా మధ్యలో ఆపేసి, 2023 మేలో ఆట తిరిగొచ్చినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 6 గంటలు, 18 ఏళ్ల లోపువాళ్లకు 3 గంటలు అని పరిమితి పెట్టారు. ఆ 6 గంటలు చాలక రెండో ఐడీ చేశానని నువ్వే రాశావు. కాబట్టి కొన్ని నెలలు పూర్తిగా ఆపు. కానీ ఈసారి చెప్పాపెట్టకుండా డిలీట్ చేయకు. లీడర్ పదవి నీ తరవాత ఓపికగా ఉండే కుర్రాడికి అప్పగించు. ‘నేను ఆట ఆపుతున్నాను, నా నంబర్ ఇది, మాట్లాడాలనుకున్నవాళ్లు పగలు ఫోన్ చేయండి’ అని చెప్పు. 40 మందిలో ముగ్గురో నలుగురో చేస్తారు. ఆ నలుగురే నీవాళ్లు. మొదటి పది రోజులు చిరాకుగా, ఏమీ తోచక, చెయ్యి ఊరికే ఫోన్ వైపు వెళుతుంది. ఫోన్ రాత్రి అమ్మావాళ్ల గదిలో ఛార్జింగ్ పెట్టు.

మరి పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి? మీ నాన్న షాపుకు. నీ సప్లీల్లో ఎలక్ట్రికల్ మెషీన్స్ ఉందని రాశావు. పుస్తకంలో నిన్ను మూడుసార్లు పడగొట్టిన ఇండక్షన్ మోటారు మీ నాన్న బల్ల మీద విప్పేసి ఉంటుంది తమ్ముడూ. రైతు కాలిపోయిన పంపుసెట్ తెచ్చి దించితే, ఏ చుట్ట పోయిందో ఆయన చేత్తో పట్టుకుని చెబుతాడు. నువ్వు స్లాటులో తీగ చుడుతూ ఎందుకు అన్ని చుట్లో ఆయన్ని అడుగు. ఆయనకు ఫార్ములా రాదు, నీకు చెయ్యి రాదు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంది. అంతకంటే ముఖ్యం, పొద్దున తొమ్మిదింటికి నీ కోసం ఒక పని ఎదురుచూస్తూ ఉంటుంది.

సప్లీలన్నీ ఒకేసారి తలుచుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. కాలేజీ ఎగ్జామ్ సెల్‌కు వెళ్లి వచ్చే సప్లిమెంటరీ ఫీజు ఎప్పుడు కట్టాలో, నీ రెగ్యులేషన్‌కు డిగ్రీ గడువు ఎప్పటిదాకానో కనుక్కో. ఈసారి రెండింటికే కట్టు. మెషీన్స్ ఒకటి, తేలిక అనిపించేది ఇంకొకటి.

డబ్బు సంగతి నాన్నకు మొత్తం చెప్పాలి. ఇంట్లో అందరి ముందూ కాదు, షాపు మూసే వేళ ఇద్దరే ఉన్నప్పుడు. 41,000 అని కాగితం మీద రాసి ఇవ్వు. నోటితో చెబితే సగంలో తగ్గించేస్తావు, ఇప్పటికే ఒకసారి అలా చేశావు. ఆయన కేకలేస్తారు, వెయ్యనివ్వు. షాపులో పని చేసి తీరుస్తానని చెప్పు, కానీ ఆ మాట ఆయన శాంతించాక చెప్పు. పోయిన డబ్బు రాబట్టుకుందామని రమ్మీ, కలర్ ప్రెడిక్షన్ లాంటి వాటి వైపు మాత్రం పోకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. ఇంకా కొందరు వాటిలోకి పిలుస్తూనే ఉంటారు. ఐడీ అమ్మకం కూడా వద్దు. అది ఆట నిబంధనలకే విరుద్ధం, పైగా ఐడీ తీసుకుని డబ్బు ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. రుద్ర పేరు ముక్కూమొహం తెలియనివాడి చేతికి వెళితే, నిన్ను నమ్మిన ఆ పిల్లల్ని వాడు ఏం అడిగినా ఇచ్చేస్తారు.

మీ నాన్నగారు ఇది చదివితే ఆయనకొక మాట. అయ్యా, ఫోన్ పగలగొట్టకండి. మీ అబ్బాయి పొద్దున లేచి షాపుకు వస్తే ఆ రోజు పాత లెక్కలు తీయకండి. వాడు వచ్చాడని పలకరించండి చాలు.

ఇక కరీంనగర్ అబ్బాయి. మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి. మాటలు దొరకవని భయమైతే ఇవి కాగితం మీద రాసుకుని చదువు: ‘తమ్ముడూ, నీకు అబద్ధం చెప్పాను. నేను గచ్చిబౌలిలో లేను, నాకు ఉద్యోగం లేదు, బీటెక్ ఇంకా పాసవలేదు. ప్రకాశం జిల్లాలో మా ఇంట్లోనే ఉన్నాను. నన్ను నమ్మి బయల్దేరుతున్నావు కాబట్టి ముందే చెబుతున్నాను. నా పేరు ఇది.’ తరవాత ఆగు. ఎందుకు అబద్ధమాడావో వివరించకు, అతను అడిగితే అప్పుడు చెప్పు. తిడితే విను. క్లాన్ గ్రూపులో అందరికీ చెప్పేయొచ్చు, అందుకూ సిద్ధపడు. వాళ్లు నవ్వే నవ్వు కొన్నాళ్లు నొప్పిగానే ఉంటుంది. అతను ఇంకా లైన్‌లో ఉంటే నీకు చేతనైన సాయం చెయ్యి. హైదరాబాద్‌లో నీ క్లాస్‌మేట్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్లను అడిగి హాస్టల్ ఎక్కడ చూసుకోవాలో చెప్పు. ముందు డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల దగ్గరికి పోవద్దని చెప్పు. ఆ మాట అతనికి రూమ్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ రోజే చెయ్యి, చీకటి పడక ముందే. పది దాటితే ఇద్దరూ లాబీలోనే కలుస్తారు, అక్కడ అతను ‘అన్నా’ అనగానే నీకు నోరు పెగలదు.